సముద్రపు సున్నం లెక్క: ఎమిలియానియా హక్స్లీ కల్చర్ డైరీ

పని ఇది. లీటరు నీటిలో పెరిగిన ఎమిలియానియా హక్స్లీ కణాలు ఎంత కాల్షియం కార్బొనేట్ కట్టాయో మూడు వేర్వేరు దారుల్లో కొలవాలి. మూడూ ఐదు శాతం తేడాలోపు కలిస్తేనే కార్బన్ డయాక్సైడ్ పెంచిన బాటిళ్ల జోలికి వెళ్లాలి. కలవకపోతే ముందు కొలత సరిచేసుకోవాలి.

ఈ జీవి కోకోలిథోఫోర్లలో, అంటే సున్నపు బిళ్లలు కప్పుకునే ఏకకణ ఆల్గేలలో, సముద్రాల్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది. ఇప్పుడు దీన్ని గెఫిరోకాప్సా జాతిలో కలిపి గెఫిరోకాప్సా హక్స్లీ అంటున్నారు. కల్చర్ సీసాల మీద మాత్రం పాత పేరే ఉంటుంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం. కణం ఐదు మైక్రాన్లు, దాని చుట్టూ రెండు నుంచి నాలుగు మైక్రాన్ల బిళ్లలు. ఆ బిళ్లే కోకోలిత్. డోవర్ దగ్గరి తెల్ల కొండల సుద్ద చాలావరకు ఇలాంటి జీవుల బిళ్లలే. (బడిలో వాడే సుద్దముక్క సంగతి వేరు, అది చాలాసార్లు జిప్సం. దాన్ని పొడిచేసి నమూనాగా వాడదామనుకునేవారు ముందు ఒక చుక్క యాసిడ్ వేసి బుడగలొస్తాయేమో చూసుకోండి.)

బిళ్ల తయారయ్యేది కణం లోపల, గాల్జీ అనే కణభాగం నుంచి పుట్టిన ఒక సంచిలో. అందులోకి కాల్షియం, బైకార్బనేట్ చేరతాయి. పాలిసాకరైడ్లు స్ఫటికం ఏ వైపు పెరగాలో అదుపు చేస్తాయి. పూర్తయిన బిళ్ల బయటికొచ్చి కణం మీద కూర్చుంటుంది. ఒక కాల్షియం, రెండు బైకార్బనేట్లు కలిస్తే ఒక కాల్షియం కార్బొనేట్, ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక నీటి అణువు. చాలామంది తడబడేది ఇక్కడే. గుల్ల (బిళ్లల కవచం) కట్టడమంటే గాలిలోని కార్బన్‌ను దాచిపెట్టడమే అనుకుంటారు, కానీ ఆ చర్య నీటిలోకి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. సముద్రపు నీటికి బఫర్ గుణం ఉంది కాబట్టి ఒక మోల్ కార్బొనేట్‌కు సుమారు 0.6 మోల్ బయటపడుతుంది. మిగతాది బైకార్బనేట్‌గా సర్దుకుంటుంది. ఒక మోల్ గుల్ల కడితే నీటి ఆల్కలినిటీ (యాసిడ్‌ను తటస్థం చేసే శక్తి) రెండు మోల్‌లు పడిపోతుంది. మా కొలతలన్నిటికీ ఈ రెండే ఆధారం.

రోజు 1. నీళ్లు

విశాఖ తీరం నుంచి నీళ్లు తెచ్చుకోవడం తేలికే. అయితే అక్టోబరు, నవంబరుల్లో నదుల వరద నీరు తీరం వెంట దిగివచ్చి ఉప్పదనం బాగా తగ్గుతుంది, దాంతో కాల్షియం, ఆల్కలినిటీ రెండూ మారిపోతాయి. నెలకో రకం నీటితో లెక్క నిలవదు. అందుకని ఆక్విల్ పద్ధతిలో కృత్రిమ సముద్రపు నీరు.

లీటరుకు: సోడియం క్లోరైడ్ 24.54 గ్రాములు, సోడియం సల్ఫేట్ 4.09, పొటాషియం క్లోరైడ్ 0.70, సోడియం బైకార్బనేట్ 0.20, పొటాషియం బ్రోమైడ్ 0.10, సోడియం ఫ్లోరైడ్ 0.003. వీటిని ముప్పావు లీటరు నీటిలో కరిగించాలి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 11.1, కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 1.54, స్ట్రాన్షియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.017 వేరే బీకరులో కరిగించి, చివర్లో నెమ్మదిగా కలుపుతూ పోయాలి. అన్నీ ఒకే బీకరులో పడేస్తే కాల్షియం ఉప్పు పడినచోట తెల్లగా విరిగిపోతుంది. ఆ మడ్డి మళ్లీ కరగదు, కరిగినట్టు కనిపించినా నమ్మొద్దు.

అసలు వంటకంలో బోరిక్ యాసిడ్ 0.003 గ్రాములే. మేం 0.026 గ్రాములు వేశాం. ఎందుకంటే కార్బొనేట్ లెక్కలు చేసే ప్రోగ్రాములు బోరాన్‌ను ఉప్పదనం నుంచి ఊహించుకుంటాయి. అసలు సముద్రంలో అది కిలోకు 416 మైక్రోమోల్‌ల దగ్గర ఉంటుంది. పాత వంటకంలో ఉండేది 50 లోపే. ఆల్కలినిటీలో బోరేట్ వాటా 70, 80 మైక్రోమోల్‌లు. అది లేని నీటికి ఉందనుకుని లెక్క వేస్తే కార్బొనేట్ అయాన్ విలువ తప్పు వస్తుంది, పైగా ఆ తప్పు ఎక్కడా పైకి కనిపించదు.

కలిపిన వెంటనే పీహెచ్ చూస్తే 7.4 దగ్గరుంది. కంగారు పడి సోడియం హైడ్రాక్సైడ్ వేయకూడదు. బైకార్బనేట్ వేశాం కాబట్టి మొత్తం కార్బన్, ఆల్కలినిటీ సమానంగా మొదలయ్యాయి. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో కార్బన్ కిలోకు సుమారు 230 మైక్రోమోల్‌లు తక్కువ ఉండాలి. అక్వేరియం పంపుతో, దూది ఫిల్టర్ గుండా, 24 గంటలు గాలి పంపితే అదనపు కార్బన్ డయాక్సైడ్ దానంతటదే పోతుంది. ఆల్కలినిటీ కదలదు.

రోజు 2. పోషకాలు, స్టెరిలైజేషన్

నైట్రేట్ లీటరుకు 100 మైక్రోమోల్‌లు, అంటే సోడియం నైట్రేట్ 8.5 మిల్లీగ్రాములు. ఫాస్ఫేట్ 6.25 మైక్రోమోల్‌లు. లోహాలు, విటమిన్లు ఎఫ్/2 (ఆల్గే పెంపకానికి మామూలుగా వాడే పోషకాల వంటకం) మోతాదులోనే. ఎఫ్/2లో నైట్రేట్ 882 మైక్రోమోల్‌లు, అది ఈ జీవికి మరీ ఎక్కువ. అంత బలమైన తిండిలో ఏళ్ల తరబడి పెంచిన స్ట్రెయిన్లు గుల్ల కట్టడం మానేసిన ఉదాహరణలున్నాయి. సిలికేట్ అసలు వేయొద్దు. అది డయాటమ్‌లకు కావాలి, ఇక్కడ వేస్తే అవక్షేపమే మిగులుతుంది.

ఆటోక్లేవ్ వద్దు. వేడికి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ ఎగబాకుతుంది, కార్బొనేట్, ఫాస్ఫేట్ అడుగున పేరుకుంటాయి. ఖాళీ బాటిళ్లను ఆటోక్లేవ్ చేసి, నీటిని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో అందులోకి వడపోశాం.

బాటిళ్ల విషయంలో ఒక హెచ్చరిక. లోహాల మురికి పోవడానికి పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడగడం అందరి అలవాటు. కడిగాక మూతలో, మరలో పదో వంతు మి.లీ. మిగిలినా అందులో 120 మైక్రోమోల్‌ల యాసిడ్ ఉన్నట్టే. అంటే లీటరు బాటిల్‌లో ఆల్కలినిటీ 120 పడిపోతుంది. మా కణాలన్నీ కలిసి తగ్గించబోయేది 80. మూతలు విడిగా ఐదుసార్లు, బాటిళ్లు ఐదుసార్లు కడిగి, చివరి కడుగు నీటి పీహెచ్ చూసి మరీ ఆరబెట్టాం.

రోజు 4. విత్తనం

స్ట్రెయిన్ ఆర్‌సీసీ1216. రెండు సెట్ల క్రోమోజోములున్న, గుల్ల కట్టే రకం. దీని జోడు ఆర్‌సీసీ1217 ఒకే సెట్టు ఉన్నది, తోకలతో ఈదుతుంది, గుల్ల కట్టదు. ఆ రెండోది కంట్రోల్. ఇంక్యుబేటర్ 17 డిగ్రీలు, 16 గంటల వెలుగు, 8 గంటల చీకటి. కాంతి చదరపు మీటరుకు సెకనుకు 150 మైక్రోమోల్‌ల ఫోటాన్లు, బాటిల్ పెట్టే చోట మీటరు ఉంచి కొలిచినది. మన వేసవిలో ఇంక్యుబేటర్ కంప్రెసర్ ఆగితే గంటన్నరలో లోపల 26 దాటుతుంది. కనిష్ఠ గరిష్ఠ థర్మామీటర్ ఒకటి లోపల పడేయడం మంచిది.

100 మి.లీ. కొత్త మీడియంకు 1 మి.లీ. పాత కల్చర్. గుల్ల బరువుకు కణాలు అడుగుకు దిగుతాయి కాబట్టి పొద్దున, సాయంత్రం బాటిల్‌ను చేతిలో మెల్లగా తిప్పాలి. కుదపకూడదు.

రోజు 20. మూడో మార్పిడిలో మందగింపు

మొదటి రెండు మార్పిడుల్లో (మార్పిడి అంటే పాత కల్చర్ కొంత తీసి కొత్త మీడియంలో వేయడం) రోజుకు 0.9 వృద్ధి రేటుతో పెరిగిన కల్చర్ మూడోదానిలో సగానికి పడిపోయింది. వెలుగు, వేడి, నైట్రేట్ అన్నీ సరిగానే ఉన్నాయి. దోషం వంటకంలో ఉంది: సెలీనియం లేదు. ఈ జీవికి సెలీనియం తప్పనిసరి. ఎఫ్/2 జాబితాలో అది ఉండదు. సహజ సముద్రపు నీటితో చేసేవారికి నీటిలోనే కొంత దొరుకుతుంది కాబట్టి లోటు తెలియదు. కృత్రిమ నీటిలో పాత కల్చర్‌తో వచ్చిన కాస్తా మార్పిడికి వంద వంతుల చొప్పున పలచబడి, మూడోసారికి అయిపోతుంది.

సోడియం సెలినైట్ 17.3 మి.గ్రా. 100 మి.లీ. నీటిలో కరిగించి, దాన్ని మళ్లీ వంద రెట్లు పలచన చేసి, లీటరు మీడియంకు 1 మి.లీ. వేస్తే 10 నానోమోల్‌లు అవుతుంది. విషపదార్థం, తూచేటప్పుడు గ్లవ్స్ తప్పవు. రెండు మార్పిడుల్లో కల్చర్ తేరుకుంది.

రోజు 36. లెక్కపెట్టడం, కనపడకుండా పోయిన గుల్లలు

న్యూబౌర్ చాంబర్‌లో (గడులు గీసిన, కణాలు లెక్కపెట్టే గాజు పలక) లెక్క. ఒక చదరపు మిల్లీమీటరు గడి కింద 0.1 మైక్రోలీటరు ఉంటుంది. మి.లీ.కు 50,000 కణాలున్నప్పుడు గడికి వచ్చేది ఐదే. తొమ్మిది గడులు చూస్తే 45 కణాలు, అంటే 15 శాతం తేడా కేవలం అదృష్టం వల్లే రావచ్చు. రెండు వైపులా, నాలుగుసార్లు నింపి, 72 గడుల్లో 360 దాకా లెక్కపెడితే అది 5 శాతం దగ్గరికి దిగుతుంది. విసుగు పనే, కానీ కణానికి ఎంత గుల్ల అన్న అంకె అంతా దీని మీదే నిలబడుతుంది.

ఆల్గేకు అలవాటుగా వాడే లూగోల్ ద్రావణంతో స్థిరపరిచిన నమూనాలో గుల్లలు కనపడలేదు. కల్చర్ చెడలేదు. మామూలు లూగోల్‌లో ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది, నిమిషాల్లో కోకోలిత్‌ను తినేస్తుంది. ఫార్మలిన్ కూడా నిలవుండి ఫార్మిక్ యాసిడ్‌గా మారుతుంది. హెక్సమీన్‌తో బఫర్ చేసిన ఫార్మలిన్ తుది మోతాదు 1 శాతం దగ్గర సరిపోయింది. వెంటనే లెక్కపెట్టగలిగితే అదీ అక్కర్లేదు.

గుల్ల ఉందో లేదో చూడటానికి చవకైన పరీక్ష: కండెన్సర్ కింద ఒక పోలరైజర్ షీటు, కంటిదగ్గర ఇంకోటి పెట్టి, నేపథ్యం నల్లబడేదాకా తిప్పాలి. కాల్సైట్ (గుల్లలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) ఉన్న కణం మెరుస్తుంది. విడి బిళ్ల మీద నల్లటి శిలువ గుర్తు కనిపిస్తుంది. గుల్ల లేని కణం చీకట్లో కలిసిపోతుంది. వారానికోసారి ఇది చేయకపోతే, ఒకే సెట్టు క్రోమోజోములున్న ఈదే కణాలు సద్దుచేయకుండా కల్చర్‌ను ఆక్రమించేస్తాయి. కణాల సంఖ్య మాత్రం మామూలుగానే పెరుగుతుంటుంది.

రోజు 38. ఆల్కలినిటీ టైట్రేషన్

బ్యూరెట్‌తో మొదలుపెట్టి మానేశాం. 50 మి.లీ. నమూనాకు 0.1 మోలార్ యాసిడ్ పట్టేది 1.15 మి.లీ. చుట్టుపక్కల. బ్యూరెట్‌లో 0.01 మి.లీ. అటూ ఇటూ అయితే ఆల్కలినిటీలో 20 మైక్రోమోల్‌ల తేడా. వెతికే మార్పే 80 అయినప్పుడు ఆ తేడాతో పని జరగదు.

బదులు తూకం. 100 గ్రాముల నమూనా, 5 మి.లీ. ప్లాస్టిక్ సిరంజిలో కిలోకు 0.1 మోల్ యాసిడ్, మిల్లీగ్రాము చూపే త్రాసు. యాసిడ్ వేయడానికి ముందు, వేశాక సిరంజిని తూచాలి. తేడాయే వేసిన యాసిడ్. ఒక మిల్లీగ్రాము తప్పు వచ్చినా కిలోకు 1 మైక్రోమోలే. యాసిడ్‌ను మామూలు నీటిలో కాక, లీటరుకు 0.6 మోల్ సోడియం క్లోరైడ్ ఉన్న నీటిలో కలపాలి. లేకపోతే టైట్రేషన్ సాగుతుండగా అయానిక బలం మారి ఎలక్ట్రోడ్ రీడింగు జరుగుతుంది.

క్రమం ఇది: 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 3.6 వచ్చేదాకా ఒకేసారి యాసిడ్. పది నిమిషాలు గాలి పంపుతూ తిప్పితే పుట్టిన కార్బన్ డయాక్సైడ్ అంతా పోతుంది. ఆపైన 0.05 గ్రాముల చొప్పున వేస్తూ పీహెచ్ 3.0 దాకా, ప్రతిసారీ మిల్లీవోల్టులు రాసుకోవడం. గ్రాన్ ఫంక్షన్ (వేసిన యాసిడ్‌కు ఎదురుగా నీటిలో మిగిలిన యాసిడ్‌ను చూపే గీత) గీసి సున్నా దగ్గర గీత ఎక్కడ తగులుతుందో చూడటం. గీత వంగితే గ్యాస్ పూర్తిగా పోలేదని అర్థం. యాసిడ్ గాఢతను ఆరబెట్టిన సోడియం కార్బొనేట్‌తో సరిచూశాం. అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ నుంచి వచ్చే ప్రామాణిక సముద్రపు నీరు ఉంటే ఇంకా మేలు.

పీహెచ్ మీటరును 4, 7, 10 బఫర్లతో సరిచేసి సముద్రపు నీటిలో ముంచి వచ్చిన అంకెను కార్బొనేట్ లెక్కలో వాడకూడదు. ఆ బఫర్లు పలచని ద్రావణాలు. ఉప్పునీటిలో జంక్షన్ వోల్టేజి మారుతుంది, పైగా స్కేలు కూడా వేరు. 35 ఉప్పదనం ఉన్న ట్రిస్ బఫర్ 25 డిగ్రీల దగ్గర టోటల్ స్కేలులో (సముద్రపు నీటికి వాడే పీహెచ్ స్కేలు) 8.094. మా మీటరును దానితో సరిచేశాం. రంగు పద్ధతి ఇష్టమైతే మెటా క్రెసాల్ పర్పుల్, 434, 578 నానోమీటర్ల దగ్గర.

రోజు 41 నుంచి 47. అసలు పరుగు

మి.లీ.కు 500 కణాలతో మొదలు. ఈ సంఖ్యను చాంబర్‌లో చూడలేం, విత్తన కల్చర్ లెక్క నుంచి పలచన చేసి రాబట్టిందే. 50,000 దగ్గర ఆపాలని ముందే నిర్ణయం. అంతకు మించితే కణాలు నీటిలోని కార్బన్‌ను అంతగా వాడేసి, పరీక్షించాలనుకున్న రసాయనాన్నే మార్చేస్తాయి. 50,000 దగ్గర గుల్ల కట్టడం వల్ల మొత్తం కార్బన్ 2 శాతం తగ్గుతుంది, కణం ఒంటికి పోయేది ఇంకో 2 శాతం. బాటిళ్లు అంచుదాకా నింపి, గాలి ఖాళీ లేకుండా మూసినవి.

నమూనా తీసింది ఆరో రోజు, లైటు వెలిగిన మూడు గంటలకు. కణాలు చీకట్లో విభజన చెందుతాయి, పగలంతా ఉబ్బుతూ గుల్ల కడతాయి. ఒకరోజు పొద్దున, ఇంకోరోజు సాయంత్రం తీస్తే ఒక్కో కణానికి వచ్చే అంకెల్ని పోల్చలేం.

రోజు 47, సాయంత్రం. మూడు అంకెలు

మొదటి దారి: నీటిలో ఆల్కలినిటీ ఎంత తగ్గింది. మొదలు కిలోకు 2318 మైక్రోమోల్‌లు, చివర వడపోసిన నీటిలో 2241. తగ్గుదల 77. అయితే నైట్రేట్‌ను కణం తీసుకున్నప్పుడు ఆల్కలినిటీ అంతే పెరుగుతుంది. 6 మైక్రోమోల్‌ల నైట్రేట్, 0.4 ఫాస్ఫేట్ వాడేశాయి కాబట్టి అసలు తగ్గుదల 83.4. రెండుతో భాగిస్తే కిలోకు 41.7 మైక్రోమోల్‌ల గుల్ల. కంట్రోల్ ఆర్‌సీసీ1217 బాటిల్‌లో ఆల్కలినిటీ తగ్గకుండా కాస్త పెరిగింది, అది ఈ సవరణకు సాక్ష్యం.

రెండో దారి ఒక పొరపాటు నుంచి దొరికింది. మొదట నమూనాను వడపోయకుండా టైట్రేట్ చేస్తే 2322 వచ్చింది, అసలు గుల్లే కట్టనట్టు. టైట్రేషన్ యాసిడ్ నీటిలో తేలుతున్న గుల్లలను కరిగించి, కణాలు తీసుకున్న ఆల్కలినిటీని తిరిగి ఇచ్చేసింది. అంటే ఒకే బాటిల్ నుంచి వడపోసినది, వడపోయనిది రెండూ కొలిస్తే తేడాయే గుల్ల. 2322లోంచి 2241 తీసేస్తే 81, సగం 40.5. నైట్రేట్ సవరణ అక్కర్లేదు, మొదటి రోజు నీటి అంకె కూడా అక్కర్లేదు. ఇకముందు ప్రధాన పద్ధతి ఇదే. షరతు ఒక్కటి: నమూనా తీసే ముందు బాటిల్‌ను బాగా తిప్పాలి, లేకపోతే అడుగున కూర్చున్న గుల్ల లెక్కలోకి రాదు.

మూడో దారి: ఫిల్టర్ మీది కాల్షియం. 500 మి.లీ.ని 0.8 మైక్రాన్ల పాలికార్బొనేట్ ఫిల్టర్ మీద మెల్లని వాక్యూమ్‌తో వడపోయాలి. ఫిల్టర్‌లో పదో వంతు మి.లీ. సముద్రపు నీరు మిగిలినా ఒక మైక్రోమోల్ కాల్షియం అదనంగా వచ్చి పడుతుంది, అది ఐదు శాతం. కాబట్టి కడగాలి. మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రం కాదు. గాలి తగిలిన డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ ఆరు లోపే, అది బిళ్లల అంచులు కొరికేస్తుంది. చుక్క అమోనియాతో పీహెచ్ 8.5 దాటించిన నీటితో 5 మి.లీ. చొప్పున మూడుసార్లు కడిగాం. తర్వాత 0.1 మోలార్ యాసిడ్ 5 మి.లీ.లో పావుగంట నానబెట్టి, 50 మి.లీ.కి పెంచి, 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. వేసి, మెగ్నీషియం అడ్డు రాకుండా పీహెచ్ 12 దాటించాం. కాల్కాన్ సూచికతో, కాల్షియంను పట్టుకునే ఈడీటీఏ 0.001 మోలార్‌ది వేస్తూ టైట్రేషన్. ద్రాక్ష ఎరుపు నుంచి నీలం. ఆ పీహెచ్ దగ్గర గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కాల్షియం మళ్లీ విరిగిపోతుంది కాబట్టి గబగబా ముగించాలి. పట్టింది 19.9 మి.లీ. లీటరుకు 39.8, కిలోకు 38.9.

41.7, 40.5, 38.9. మొదటి రెండిటి మధ్య 3 శాతం. మూడోది రెండోదానికి 4 శాతం తక్కువ, మొదటిదానికి 7 శాతం తక్కువ. అంటే పెట్టుకున్న హద్దు దాటింది. విడిపోయి తేలే చిన్న బిళ్లలు ఫిల్టర్ రంధ్రాల్లోంచి జారిపోతాయని అనుమానించి, అదే బాటిల్‌లో మిగిలిన నీటిని 0.4 మైక్రాన్ల ఫిల్టర్‌తో మళ్లీ చేస్తే 40.1 వచ్చింది. ఇప్పుడు మూడూ హద్దులోపల ఉన్నాయి. ఇకపై 0.4 మాత్రమే, వడపోతకు రెట్టింపు సమయం పట్టినా సరే.

కణాలు మి.లీ.కు 51,000. కణానికి గుల్లలోని కార్బన్ 9.8 పికోగ్రాములు, కాల్షియం కార్బొనేట్‌గా సుమారు 81. ఒక బిళ్ల బరువును పొడవు ఘనాన్ని 2.7తో (కాల్సైట్ సాంద్రత), 0.02తో (బిళ్ల ఆకార గుణకం) గుణించి అంచనా వేస్తారు. 3.5 మైక్రాన్ల బిళ్లకు 2.3 పికోగ్రాములు. అంటే కణానికి 35 బిళ్లలు. మైక్రోస్కోపులో కణం మీద కనిపించేవి అందులో సగమే. మిగతావి కింది పొరల్లో ఉన్నవి, రాలిపోయి నీటిలో తిరుగుతున్నవి.

రోజు 50. కార్బన్ డయాక్సైడ్ పెంచిన బాటిళ్లు

లక్ష్యం 400 నుంచి 1000 మైక్రోఅట్మాస్ఫియర్లకు. ఇక్కడ ఒట్టి యాసిడ్ పోయడం, గ్యాస్ పంపడం ఒకటి కాదు. యాసిడ్ ఒక్కటే వేస్తే ఆల్కలినిటీ తగ్గుతుంది, కార్బన్ మొత్తం మారదు. అసలు సముద్రంలో గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ కరిగితే కార్బన్ పెరుగుతుంది, ఆల్కలినిటీ అలాగే ఉంటుంది. 2000లో రీబెజెల్ బృందం యాసిడ్, క్షారాలతో పీహెచ్ మార్చి చేసిన పరీక్షలో గుల్ల తగ్గింది. 2008లో ఇగ్లేసియాస్ రోడ్రిగేజ్ బృందం గ్యాస్ పంపి చేస్తే పెరిగింది. తప్పంతా పద్ధతిదేనన్న వాదన చాలాకాలం నడిచింది. తర్వాత 2009లో లాంగర్ బృందం నాలుగు స్ట్రెయిన్లను ఒకేలా పెంచి చూస్తే నాలుగూ నాలుగు రకాలుగా స్పందించాయి. కాబట్టి మా అంకె ఏమొచ్చినా అది ఆర్‌సీసీ1216 అంకె మాత్రమే.

గ్యాస్ సిలిండరు, మిక్సర్ ఖర్చు లేకుండా అదే ఫలితం రావాలంటే బైకార్బనేట్, యాసిడ్ సమానంగా వేయాలి. కిలోకు 160 మైక్రోమోల్‌లు, అంటే లీటరుకు దాదాపు సోడియం బైకార్బనేట్ 13.5 మి.గ్రా., 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1.6 మి.లీ. మొదట బైకార్బనేట్ కరిగించి, తర్వాత యాసిడ్‌ను బాటిల్ అడుగున, నీటి లోపలికి పిపెట్ ముంచి వదిలి, వెంటనే మూత బిగించాలి. పైనుంచి పోస్తే చేసిన గ్యాస్‌లో కొంత గాలికే పోతుంది. టోటల్ స్కేలులో పీహెచ్ 8.05 నుంచి 7.7 దగ్గరికి దిగింది. కాల్సైట్ సంతృప్త నిష్పత్తి దాదాపు 3.8 నుంచి 1.9కి. ఇంకా ఒకటికి పైనే ఉంది కాబట్టి కట్టిన గుల్ల దానంతటదే కరగదు. ఏ తేడా కనిపించినా అది కణం లోపల జరిగిన తేడా. గుల్ల కట్టేటప్పుడు పుట్టే ప్రోటాన్లను కణం బయటికి తోసేయాలి, బయట యాసిడ్ ఎక్కువైతే ఆ పని కష్టమవుతుంది.

నాలుగు బాటిళ్లు మామూలువి, నాలుగు పెంచినవి, రెండు ఖాళీవి, అంటే కణాలు లేకుండా మీడియం మాత్రమే. ఈ కణాలు కొత్త నీటికి అలవాటు పడటానికి కనీసం ఏడెనిమిది తరాలు కావాలి. అందుకని ఈ విడతను కొలవకుండా, 30,000 దగ్గర తీసి అవే రసాయనాలున్న తాజా బాటిళ్లలోకి మారుస్తాం. కొలత రెండో విడతలోనే. ఖాళీ బాటిళ్ల ఆల్కలినిటీ ఈ రాత్రి 2317, 2319.